మోసపోయినవారి మర్నాడు

మోసగాళ్ల మీద అల్లే హాస్యకథ నిలవాలంటే మోసపోయినవాడి మీద ప్రేక్షకుడికి జాలి కలగకూడదు. అందుకే ఇలాంటి కథలు కట్టేవారు బాధితుణ్ణి సాధారణంగా పిసినారిగానో, ఆశపోతుగానో, డాబుసరి మనిషిగానో తీర్చిదిద్ది, తగిన శాస్తి జరిగిందని నవ్వుకునే వీలు కల్పిస్తారు. ఫ్రాన్స్, ఇటలీ, జపాన్, నెదర్లాండ్స్ దేశాల ఉమ్మడి నిర్మాణంగా 1964లో వచ్చిన ‘లే ప్లూ బెల్ ఎస్క్రోకెరీ ద్యు మోంద్’ అనే చిత్రం ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. ‘ప్రపంచంలోకెల్లా అందమైన మోసాలు’ అని దాని అర్థం. అది ఆంథాలజీ, అంటే వేర్వేరు దర్శకులు తీసిన చిన్న కథలను ఒకే పేరు కింద గుదిగుచ్చిన సినిమా. టోక్యో కథను హొరికావా, నేపుల్స్ కథను గ్రెగొరెట్టి, ఆమ్‌స్టర్‌డామ్ కథను పొలాన్‌స్కీ తీశారు. పారిస్ కథలో షబ్రోల్, ఈఫిల్ టవరంటే పడిచచ్చే ఒక పెద్దమనిషికి ఏకంగా ఆ టవర్‌నే అమ్మిస్తాడు. విక్టర్ లుస్టిగ్ అనే మోసగాడు 1925లో ప్రభుత్వాధికారి వేషం వేసి, ఆ టవర్‌ను పాత ఇనుము కింద అమ్మజూపిన ఉదంతం లోకానికి తెలిసిందే.

ఈ చిత్రం కోసం గొదార్ మరకేష్ నగరంలో తీసిన కథ మాత్రం తక్కినవాటి దారిన నడవదు. అందులో ఒకడు దొంగనోట్లు అచ్చువేసి బీదలకు పంచుతుంటాడు, వాణ్ణి కెమెరాతో పట్టుకున్న విలేఖరికే, తానూ జనం నుంచి ఏదో ఒకటి తీసుకుపోతున్నదాన్నే కదా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ భాగాన్ని విడుదలకు ముందే తొలగించారు. మిగిలిన కథల్లో మోసం పండగానే తెర పడుతుంది, ఊరు మారుతుంది, మోసపోయినవారికి మర్నాడు తెల్లవారిందో లేదో చూపవలసిన పని దర్శకుడికి ఉండదు. ఈ వెసులుబాటే ఆంథాలజీకి హాయినిస్తుంది, దాని లోపమూ అదే.

ఆ మర్నాటిని తెలుగు నాటకం అంతకు చాలా ముందే చూపింది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా తిరగరాయబడిన గురజాడ ‘కన్యాశుల్కం’ నిజానికి మోసాల మాల. కన్యాశుల్కమంటే పెళ్లికొడుకు పిల్ల తండ్రికి చెల్లించే సొమ్ము. పసిపిల్లను వృద్ధుడు లుబ్ధావధాన్లకు అంటగట్టే పెళ్లిని తప్పించడానికి, ఆ పిల్ల మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టించి, కూతురని చెప్పి, ఆ ముసలివాడికే అమ్ముతాడు. పెళ్లికూతురి మెడలో వేయడానికి, ఈ పెళ్లి కుదిర్చిన రామప్పపంతులు తాను ఉంచుకున్న వేశ్య మధురవాణి కంటెను అడిగి తెస్తాడు, పెళ్లికూతురు మాయమవుతుంది, కంటె తెచ్చేదాకా గడప తొక్కవద్దని మధురవాణి పంతుల్ని సాధిస్తుంది. ఇంతవరకు కడుపుబ్బ నవ్వవచ్చు, ఎందుకంటే అక్కడ మునిగింది పసిపిల్లకు కట్టిన వెల. కాని గురజాడ అక్కడ ఆగలేదు. కనబడని పెళ్లికూతుర్ని చంపాడన్న నేరం లుబ్ధావధాన్ల మెడకు చుట్టుకుంటుంది. లేని పిల్లను చంపినందుకు శిక్షపడే స్థితిలో వణికిపోతున్న ఆ ముసలివాణ్ణి చూస్తే, అంతదాకా నవ్విన ప్రేక్షకుడికే మనసు చివుక్కుమంటుంది. మాటకారి మోసగాడు గిరీశాన్ని నమ్మి ఇల్లు విడిచిన బాలవితంతువు బుచ్చమ్మ సంగతి చెప్పనే అక్కరలేదు. ఆమె ఆశపోతు కాదు, పిసినారి కాదు, ఆమెను మోసగించడంలో నవ్వడానికేమీ మిగలదు.

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో రాజపాళయం పక్కనున్న మంసాపురం ప్రాంతపు తెలుగువారికి ఈ నాటకం ప్రత్యేకంగా అందవలసినది. అక్కడి రాజు కులస్థుల ఇళ్లలో తరతరాలుగా తెలుగే మాట్లాడుకుంటున్నా, బడి చదువు తమిళంలో సాగడంతో తెలుగు లిపి చాలామందికి దూరమైంది. కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో వర్ణించిన విల్లిపుత్తూరు ఆ చేరువలోనే ఉన్నా, ఆ ప్రౌఢకావ్యం పండితుడు పక్కన కూర్చుని విప్పితే తప్ప లొంగదు. ‘కన్యాశుల్కం’ అలా కాదు, మనుషులు నోటితో ఆడుకునే మాటల్లో నడుస్తుంది కనుక, విజయనగరం యాస కొంత కొత్తగా తోచినా చెవిన పడితే చాలు. పి. పుల్లయ్య దర్శకత్వంలో ఎన్.టి. రామారావు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా 1955లో వచ్చిన సినిమా కూడా ఇందుకు తోడ్పడుతుంది.

అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. గిరీశం తన శిష్యుడు, బుచ్చమ్మ తమ్ముడు అయిన వెంకటేశానికి పాఠాలు చెప్పే ఘట్టాలను మాత్రమే ఏరి ఆడించడం అలవాటైపోయింది. అలా ఏరినప్పుడు గురజాడ నాటకం కూడా తుంటరి మోసాల సంకలనంగా మారి, లుబ్ధావధాన్ల హత్యానేరం, బుచ్చమ్మ భవిష్యత్తు రంగం మీదికి రాకుండానే పోతాయి. రాజపాళయంలోగాని మంసాపురంలోగాని ఈ నాటకాన్ని గొంతెత్తి చదివి వినిపించడానికి పూనుకునేవారు, సమయం చాలక కుదించవలసి వస్తే మొదటి అంకాన్నే కుదించి, మధురవాణి వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి నిజం బయటపెట్టే ఏడో అంకాన్ని పూర్తిగా ఉంచాలి.