మాట వేరు, తీర్పు వేరు

న్యాయము పదిమంది యెదుట జరుగవలెననునది నాగరిక సమాజము చిరకాలమునకు నేర్చుకొన్న నీతి. మూసిన తలుపుల వెనుక విధింపబడిన శిక్ష న్యాయమైనదే యైనను లోకము దానిని నమ్మదు. అందుచేతనే విచారణను కూర్చుండి వినుటకు సామాన్యునకు హక్కు కలదు. కాని న్యాయస్థానపు వెనుక బల్లపై పట్టువారు కొలదిమందియే. శ్రీకాకుళమునుండియో, ఆదిలాబాదునుండియో ఢిల్లీకి పోయి సుప్రీంకోర్టు విచారణను చూడగలవారెందరు?

ఈ చిక్కు నేడు కొంతవరకు తీరినది. 2018 సెప్టెంబరు 26న స్వప్నిల్ త్రిపాఠి కేసులో సుప్రీంకోర్టు ప్రత్యక్ష ప్రసారమునకు సమ్మతించినది. 2020లో గుజరాత్ హైకోర్టు ఆ మార్గమున అడుగిడినది. 2022 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టులో రాజ్యాంగ ధర్మాసనముల విచారణల ప్రసారము ఆరంభమైనది. ఇది హర్షింపదగిన మార్పు.

అయినను తెరచిన తలుపునుండి వెలుగుతోపాటు దుమ్మును రాగలదు. గంటల తరబడి సాగిన వాదమునుండి అరనిమిషము కత్తిరించి, ఉద్రేకపు శీర్షిక తగిలించి, ఇదియే న్యాయస్థానము చెప్పినదని చాటువారు పెరిగిరి. విచారణలో న్యాయమూర్తి పలుకు ప్రతి మాటయు తీర్పు కాదు. వాదబలమును పరీక్షించుటకై ఆయన తాను నమ్మని మాటను సైతము ప్రశ్నగా వేయవచ్చును. ఆ ప్రశ్ననే తీర్పుగా ప్రకటించిన, ముద్దాయి విచారణ ముగియకముందే వీధిలో దోషియగును. పిమ్మట నిర్దోషియని తేలినను పోయిన పరువు తిరిగి రాదు.

అట్లని పత్రికల నోరు నొక్కుట మందు కాదు. 2021లో మద్రాసు హైకోర్టు మౌఖికముగ చేసిన తీవ్రవ్యాఖ్యలను ప్రచురింపరాదని ఎన్నికల సంఘము కోరగా, సుప్రీంకోర్టు అందుల కంగీకరింపలేదు. మౌఖిక వ్యాఖ్యలు తీర్పులో భాగము కావనియు, న్యాయమూర్తులు మాటలలో సంయమము పాటింపవలెననియు అది చెప్పినది. 2024లో కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి యొకరి వ్యాఖ్యలు వీడియోలుగా వ్యాపించినపుడు ఆయన విచారము వెలిబుచ్చిరి. ఆ వెలుగు లేకున్న ఆ మాటలు ఆ గదిలోనే అణగియుండెడివి.

కావున నియమము అవసరమే. కాని అది మితముగ నుండవలెను. లైంగిక నేరములు, దాంపత్య వివాదములు, బిడ్డల సంరక్షణ వంటి విషయములు ప్రసారమున కెక్కరాదు. తక్కిన కేసులలో, న్యాయవిచారణకు నిజమైన ముప్పు కలిగినపుడు మాత్రమే, స్వల్పకాలము ప్రచురణను వాయిదా వేయవచ్చునని 2012లో సహారా కేసున సుప్రీంకోర్టు సూచించిన మార్గము చాలును. పత్రికలును, ప్రసార సంస్థలును పలికినదెవరు, అది ప్రశ్నయా, ఉత్తరువా అను సంగతిని స్పష్టముగ చెప్పవలెను.

చట్టము చేయలేని పనిని పాఠశాల చేయగలదు. పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు ఒక వీడియో తునకను, ఆ కేసులో వెలువడిన ఉత్తరువును ప్రక్కప్రక్కన నుంచి చూపిన చాలును. విద్యార్థులకు తేడా తెలియును. పూర్తిగా వినకుండ తీర్పు చెప్పరాదనునది న్యాయమూర్తికి మాత్రమే కాదు, చూపరికిని వర్తించు ధర్మము.