ప్రెసిడెంటుగారి భర్త

యీ మధ్య ఒక సాహిత్య గోష్ఠి ముగిసి అందరం టీ తాగుతుండగా, మన వుద్యమంలో పేరున్న ఒక అధ్యాపక మిత్రుడు నాతో అన్నాడు: "స్త్రీలకు రిజర్వేషన్లా? మా వూరు వచ్చి చూడండి. ప్రెసిడెంటు ఆవిడ, పెత్తనం ఆయనది. యిదంతా మధ్యతరగతి భ్రమ." చుట్టూ వున్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు సంజాయిషీగా యీ వ్యాసం రాస్తున్నాను.

నిజానికి నవ్వే అర్హత నాకు లేదు. నాది కోటవురట్ల ప్రాంతం. కొన్నేళ్ల కిందట ఒక కాగితం మీద సంతకం కోసం మా వైపు ఒక పల్లెకు వెళ్ళాను. సర్పంచు స్త్రీ. మా వైపు సర్పంచును యిప్పటికీ ప్రెసిడెంటనే అంటారు. అరుగు మీద కూర్చున్న ఆమె భర్తకు నమస్కారం పెట్టి, "ప్రెసిడెంటుగారూ!" అన్నాను. ఆయన కాదనలేదు. లోపలినుంచి ఆవిడ వచ్చి, కాగితం పైనుంచి కిందిదాకా చదివి, "దీని మీద తేదీ లేదు బాబూ, వేసి పట్టుకురండి" అన్నది. నేను తెలుగులో ఎం. ఏ. పట్టా పుచ్చుకున్నవాణ్ణి. నాకు తేదీ లేకపోవడమూ కనిపించలేదు, ప్రెసిడెంటు వుండడమూ కనిపించలేదు.

ఆనాడు ఆ భర్తను ప్రెసిడెంటును చేసింది రిజర్వేషనా? కాదు, నా నమస్కారం. ఆ నమస్కారాన్నే తహసీలు కచేరీలోనూ, పోలీసు స్టేషనులోనూ, కంట్రాక్టరు యింట్లోనూ రోజూ పెడుతున్నారు. నమస్కారం పెట్టేవాళ్ళంతా ఒకవైపు చేరి, రిజర్వేషను విఫలమైందని తీర్పు చెప్పడం యే తర్కశాస్త్రమో నాకు బోధపడదు.

చరిత్ర కాస్త తిరగేద్దాం. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ పంచాయతీ వ్యవస్థకు రూపకల్పన చేసినప్పుడు, స్త్రీలలో ఆసక్తి వున్న ఇద్దరిని సభ్యులుగా చేర్చుకుంటే చాలునన్నది. ఎన్నుకోవడం కాదు, చేర్చుకోవడం! 1959లో పంచాయతీ రాజ్యం మన రాష్ట్రానికి వచ్చింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలపాటు పల్లెల్లో ప్రెసిడెంటుగారూ, ఆయనగారి భార్యా వుండేవారు. ఆ భార్యను చూసి యెవరూ నవ్వలేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చి, మూడింట ఒక వంతు స్థానాలు స్త్రీలకు దక్కాయి. 2011లో మన రాష్ట్రం దాన్ని సగానికి పెంచింది. అప్పుడు మాత్రం ప్రెసిడెంటుగారి భర్త పుట్టుకొచ్చాడు. అతడు పుట్టిన మరుక్షణమే మనకు ప్రజాస్వామ్యం మీద బెంగ కలిగింది.

అంతకుముందు కుర్చీలో కూర్చున్న మగవాళ్ళందరూ స్వతంత్రులేనా? మోతుబరి చాటున తల వూపిన ప్రెసిడెంట్లను మనం యెందరిని చూడలేదు? పాలేరును నిలబెట్టి గెలిపించి, ముద్ర తన యింట్లో పెట్టుకున్న భూస్వాములను యెరగమా? అది చూసి మనం ఎన్నికలు దండగ అన్నామా? లేదు, భూమి పంచాలన్నాం. కీలుబొమ్మ కనబడితే తాడు పట్టుకున్న చేతిని వెతకమన్నదే మనం నేర్చుకున్న విద్య. బొమ్మ చీర కట్టుకున్నప్పుడు ఆ విద్య యెందుకు మరచిపోతాం?

యోగ్యత వున్నవారు రిజర్వేషను లేకుండానే వస్తారు కదా అని మరికొందరి వాదం. దీనికి జవాబు మా వూరి దగ్గరే వుంది. కోటవురట్ల పాయకరావుపేట నియోజకవర్గంలోది. అది షెడ్యూల్డు కులాలకు కేటాయించిన స్థానం. ఒకప్పుడు బడిపంతులమ్మగా పనిచేసిన వంగలపూడి అనిత అక్కణ్ణుంచి 2014లోనూ, 2024లోనూ గెలిచి, 2024 జూన్‌లో రాష్ట్ర హోంమంత్రి అయింది. ఆమెకు ముందు ఆ పదవిలో వున్న తానేటి వనిత కొవ్వూరు నుంచీ, అంతకుముందరి మేకతోటి సుచరిత ప్రత్తిపాడు నుంచీ వచ్చినవారు. అవీ షెడ్యూల్డు కులాల స్థానాలే. పార్టీలు వేరు, ప్రభుత్వాలు వేరు. ముగ్గురు స్త్రీలూ వచ్చిన దారి ఒకటే. చట్టం ఒక తలుపు తెరిచిన చోట ఆడవాళ్ళు లోపలికి రాగలిగారు. భూమీ డబ్బూ కులమూ కాపలా కాసే తలుపుల దగ్గర యోగ్యత యింకా బయటే నిలబడి వుంది. 2024లో లోక్‌సభకు ఎన్నికైన 543 మందిలో స్త్రీలు 74 మంది. 2019లో 78. లెక్క ముందుకు పోకపోగా వెనక్కు నడిచింది.

"స్త్రీలే వద్దన్నారు కదా" అనేవారూ వున్నారు. నిజమే. 1947 జూలైలో రాజ్యాంగ పరిషత్తులో రేణుకా రే స్త్రీలకు ప్రత్యేక స్థానాలు అక్కర్లేదన్నది. అప్పుడు ఆ తరం స్త్రీలు స్వతంత్ర భారతంలోని మగవాళ్ళ న్యాయబుద్ధిని నమ్మారు. ఆ నమ్మకాన్ని వమ్ము చేసినవాళ్ళు ఆ మాటనే తమకు సాక్ష్యంగా తెచ్చుకోవడం, బాకీ యెగ్గొట్టినవాడు అప్పిచ్చినవాడి మంచితనాన్ని రుజువుగా చూపించినట్లుంది.

చట్టసభల సంగతి మరీ వినోదం. 1996 సెప్టెంబరులో మహిళా బిల్లు వచ్చింది. దాన్ని పరిశీలించిన కమిటీకి కమ్యూనిస్టు నాయకురాలు గీతా ముఖర్జీ అధ్యక్షురాలు. 2010 మార్చి 9న రాజ్యసభ ఆమోదించింది, లోక్‌సభ తాకలేదు. చివరకు 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు ప్రతికూలంగా ఓటు వేస్తే 106వ సవరణ అయింది. అయితే జనాభా లెక్కలు తీసి, నియోజకవర్గాల హద్దులు తిరిగి గీసిన తర్వాతనే అమలని అందులోనే మెలిక పెట్టారు. శుభలేఖలు పంచి, ముహూర్తానికి పంచాంగం యింకా రాయలేదన్నట్లు! 2024 ఎన్నికలు ఆ చట్టం వున్నా లేనట్లే జరిగాయి. వెనుకబడిన తరగతుల స్త్రీలకు అందులో ప్రత్యేక వాటా లేదన్న విమర్శ న్యాయమైనదే. కాని వాటా కోరడం వేరు, ఆ పేరు చెప్పి మొత్తాన్నే తోసిపుచ్చడం వేరు.

మన మిత్రుడి అసలు వాదం వర్గానికి సంబంధించింది. దాన్ని తేలికగా తీసెయ్యను. 2025 ఏప్రిల్ 13న మా మండలంలోని కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది కూలీలు చనిపోయారు. వారిలో ఆడవాళ్ళూ వున్నారు. కుర్చీలో స్త్రీ వున్నంత మాత్రాన మందుగుండు మధ్య కూర్చునే స్త్రీ బతుకు భద్రం కాదు. వొప్పుకుంటాను. కాని ఆ కూలీ స్త్రీ సమస్యను చర్చించే చోట ఆ కూలీ స్త్రీ వుండకూడదా? పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలను పరిశీలించి 2004లో ప్రకటించిన అధ్యయనంలో రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో తేల్చినదేమిటి? స్త్రీలకు కేటాయించిన పంచాయతీలు మంచినీటి మీద యెక్కువ ఖర్చు పెట్టాయని. బిందె మోసేవాళ్ళకు నీళ్ళ విలువ తెలుస్తుంది. యిది భ్రమ కాదు, భౌతికవాదం.

ప్రభుత్వాల రెండో చెయ్యి చూడండి. ఒక చేత్తో స్థానాలిచ్చి, మరో చేత్తో ఇద్దరికన్నా యెక్కువమంది పిల్లలున్నవారు పోటీకి అనర్హులన్నారు. పిల్లల సంఖ్యను నిర్ణయించే హక్కు మన యిళ్ళలో యే తల్లికి వుంది? ఆ నిబంధన తీసెయ్యడానికి 2024 నవంబరు దాకా పట్టింది. పోటీ లేకుండా ఏకగ్రీవమైతే పంచాయతీకి లక్షల రూపాయల పారితోషికమని 2021 ఎన్నికల వేళ ప్రకటించారు. ఏకగ్రీవమంటే పెద్దమనుషులు రచ్చబండ దగ్గర ఒక పేరు ఖాయం చెయ్యడం. ఆ పేరు ఆడపేరైతే ప్రెసిడెంటుగారి భర్త అక్కడే తయారవుతాడు. మనం పోరాడవలసింది వీటి మీద: ఏకగ్రీవాల మీద, నిధులూ అధికారాలూ లేని పంచాయతీల మీద, భర్తతో మాట్లాడి పని ముగించే అధికారి మీద.

మన మీద కూడా. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా ప్రచురించింది. పోరాటం ముగిశాక యిక యిళ్ళకు పొమ్మన్నారన్న ఆవేదన అందులో వుంది. ఆ పుస్తకాన్ని మనం అలమరలో పెట్టాం, ఆవేదనకు జవాబు చెప్పలేదు. మా నియోజకవర్గంలోని ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ గిరీశాన్ని సృష్టించి శతాబ్దం దాటింది. స్త్రీ జనోద్ధరణ మీద లెక్చర్లిచ్చే గిరీశాలు మన వేదికల మీద తగ్గలేదు. మన సంఘాల కార్యవర్గాల్లో, సంపాదకవర్గాల్లో స్త్రీలెందరు? సగం స్థానాలు వారికి కేటాయించడానికి మనకు జనాభా లెక్కలు అడ్డమా, హద్దులు అడ్డమా?

ఆ కాగితం మీద తేదీ వేసుకుని మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అరుగు మీద ఆయనే వున్నాడు. యీసారి "ప్రెసిడెంటుగారు వున్నారాండీ?" అని అడిగాను. ఆయన నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. మా మిత్రుడు తన వూళ్ళో యీ ప్రశ్న యెప్పుడైనా అడిగాడో లేదో వచ్చే గోష్ఠిలో చెప్పాలి.