పెద్దల మాట, విద్యార్థి భాగహారం

పెద్దల మాట చద్దిమూట అన్నారు. ఎంత చద్దిమూటనైనా విప్పి చూసుకొనే కదా ఎవరైనా భుజించేది! ఈ సత్యాన్ని తేటతెల్లం చేసే సంఖ్య ఒకటి గణితశాస్త్ర చరిత్రలో ఉన్నది. మేము తెలుగు బోధించేవారమే గాని గణితవేత్తలము కాము. అయినా ఆ సంఖ్య కథ మా తరగతి గదికి సైతం వర్తిస్తుందన్న నమ్మకంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆ సంఖ్య 429,49,67,297. రెండును ముప్పది రెండుసార్లు వేసి గుణించి, ఆ లబ్ధానికి ఒకటి చేర్చితే ఇది వస్తుంది. ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా రెండు యొక్క 1, 2, 4, 8, 16వ ఘాతాలకు ఒకటి చేర్చి చూశాడు. 3, 5, 17, 257, 65,537 వచ్చాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో తరువాతివి కూడా అట్టివే అయి ఉంటాయని 1640లో అభిప్రాయపడ్డాడు. నిరూపణ మాత్రం చూపలేదు. మహామేధావి మాట, తొమ్మిది దశాబ్దాలు ఖండన లేకుండా నిలిచింది.

1729లో గోల్డ్‌బాఖ్ ఈ సంగతిని లేఖాముఖంగా ఆయిలర్ దృష్టికి తెచ్చాడు. 1732లో, ఇరువది అయిదేళ్ల వయస్సులో, ఆయిలర్ సమాధానం చెప్పాడు: వరుసలో ఆరవదైన మన సంఖ్య ప్రధాన సంఖ్య కాదు, అది 641, 67,00,417ల లబ్ధం.

ఇది గుడ్డిగా భాగించుకుంటూ పోయే పని కాదు. ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజానికి ఒకటి చేర్చిన రూపంలోనే ఉండాలని ఆయిలర్ నిరూపించాడు. ఆ ప్రకారం పరీక్షింపవలసినవి వరుసగా 193, 257, 449, 577, 641. అయిదవ భాగహారంలోనే శేషం సున్న! కాగితం, కలం ఉంటే మన విద్యార్థి ఎవరైనా పావుగంటలో చేయదగిన పని. ఉర్దూలో లెక్కించినా, తెలుగులో లెక్కించినా శేషం మారదు.

దీనివల్ల ఫెర్మా గౌరవం తగ్గలేదు. ఆయన సంఖ్యలలో ఒకటైన 17కు సమానమైన భుజాలు గల క్రమబహుభుజిని కొలబద్ద, వృత్తలేఖినులతో నిర్మింపవచ్చునని 1796లో గాస్ కనుగొన్నాడు. ఆ వరుసలో ఆరవ ప్రధాన సంఖ్య మాత్రం నేటివరకు ఎవరికీ దొరకలేదు.

మా విన్నపం ఇదే. గైడులోని భావాన్ని వల్లించి పద్యం చదివామనుకొనే విద్యార్థులను మేము ఏటా చూస్తున్నాము. ఆ భావం పద్యంలో ఉన్నదో లేదో విప్పి చూసేవారు ఎందరు? నిజం చెప్పాలంటే, అట్లా చూసినవారికి మేము మాత్రం ఎన్ని మార్కులు వేశాము? కనుక కళాశాల అంతర్గత పరీక్షలలో ప్రతి శాఖ నుండి ఒక్క ప్రశ్నయినా, ఒక వాక్యమిచ్చి నిజానిజాలు తేల్చమని అడిగేదిగా ఉండాలని కమిటీ పెద్దలను కోరుతున్నాము. విద్యార్థులారా! గురువులను గౌరవించండి, మా మాటను కూడా భాగించి చూడండి.