తిమ్మిరి నరాల్లోనా, బండి హ్యాండిల్‌లోనా?

చేతులు తిమ్మిరెక్కుతున్నాయని ఓపీకి వచ్చేవారిలో చాలామంది జబ్బు పేరు కూడా ముందే ఖాయం చేసుకుని వస్తారు. ‘నరాల బలహీనత డాక్టరుగారూ, బీ-కాంప్లెక్స్ సూది వేయండి’ అంటారు. రోజుకు ఎంతదూరం బండి నడుపుతారని అడిగితే, దీనికీ దానికీ ఏం సంబంధమన్నట్టు చూస్తారు.

సంబంధం ఉంది. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021-22లో బాటసింగారానికి తరలిపోయింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ పరిసరాల్లో ఉంటూ అక్కడ పనిచేసేవారికి ఒకప్పుడు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మార్కెట్ ఇప్పుడు హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట దాటి విజయవాడ హైవే మీద ఉంది. పోనూరానూ సుమారు నలభై కిలోమీటర్లు. అంతసేపూ ఒంటి బరువు సీటు మీద ఉండాలి. అరచేతుల మీద పడుతోందంటే ఆ బండి అమరిక మీకు సరిపోలేదన్నమాట.

ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయో గమనించండి. చిటికెన వేలు, ఉంగరం వేలు అయితే అరచేతి అడుగున ఆ వైపుగా వెళ్లే అల్నార్ నరాన్ని గ్రిప్ నొక్కుతుండవచ్చు. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లయితే మణికట్టులోని ఇరుకు దారిలో మీడియన్ నరం నలుగుతుండవచ్చు. క్లచ్ పట్టేటప్పుడు మణికట్టు పైకి విరిగి ఉంటే ఈ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

రైజర్లు కొనేముందు దాదాపు ఖర్చులేని పని ఒకటుంది. రోజూ కూర్చున్నట్టే బండి మీద కూర్చుని వేళ్లు లివర్ల మీద పెట్టండి. మోచేతి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలా ఉండాలి. లేకపోతే మెకానిక్‌తో లివర్ల బిగింపు వదులు చేయించి కాస్త తిప్పిస్తే చాలు. చాలా బండ్లకు హ్యాండిల్‌నే కొద్దిగా వెనక్కి తిప్పవచ్చు. మోచేతులు కొంచెం వంగి ఉండాలి, భుజాలు బిగుసుకోకూడదు, నడుము రవ్వంత ముందుకు వాలాలి. కర్రలా నిటారుగా కూర్చుంటే గుంతల దెబ్బంతా వెన్నుకే.

అప్పటికీ హ్యాండిల్ అందక వంగిపోతున్నవారికే రైజర్లు. హ్యాండిల్ కింద బిగించే ఈ లోహపు దిమ్మెలతో ఒక అంగుళం లేచినా తేడా బాగా తెలుస్తుంది. ఎంత ఎత్తితే అంత సుఖమనుకోవద్దు, మరీ ఎత్తయితే నొప్పి భుజాలకూ మెడకూ ఎక్కుతుంది. బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేసి హ్యాండిల్‌ను రెండువైపులా చివరిదాకా తిప్పి చూడండి. రేసు దానంతటదే పెరిగినా, బ్రేక్ పైపు లాగినట్టున్నా ఆ బండి రోడ్డెక్కకూడదు. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. కాబట్టి మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చే విడిభాగాలనే అడగండి. అబ్బాయి ముచ్చటపడి కొన్న స్పోర్ట్స్ బండి మీద నాన్న రోజూ మార్కెట్‌కు వెళ్లే ఇళ్లలో మాత్రం ఏ దిమ్మె పెట్టినా పెద్దగా ఒరిగేది లేదు.

అసలు ఈ పని షోరూములో జరగాలి. సీటు కవరు, క్రాష్ గార్డు అంటగట్టేవారు, కొన్నవాళ్లను ఒక్కసారి కూర్చోబెట్టి లివర్లు సరిచేసి పంపడానికి ఐదు నిమిషాలు పట్టదు.

ఇక, అన్నింటికీ హ్యాండిల్‌నే తప్పుపట్టడమూ ప్రమాదమే. అమరిక మార్చిన రెండుమూడు వారాలకూ తగ్గకపోయినా, రాత్రిళ్లు తిమ్మిరితో మెలకువ వస్తున్నా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా డాక్టరుకు చూపించండి. షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. శాకాహారులకూ, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవారికీ బీ12 తగ్గే మాట నిజమే, అదైనా పరీక్ష చేశాకే సూది. పాదాలు కూడా మండుతుంటే అది బండి పని కాదు. ఎడమ చేయి లాగుతూ, ఛాతీ బరువెక్కి చెమటలు పడితే రోడ్డు పక్కన ఆగి 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి బండి మీరే నడుపుకుంటూ రావద్దు.