వర్గపూర్తియు, తాండూరు బండలును

పదవ తరగతి విద్యార్థిని "య² + 6య + 5 అను వర్గసమాసమునకు శీర్షమెక్కడ?" అని యడిగిన, మధ్యగుణకమున సగము తీసి, గుర్తు మార్చి, క్షణములో బదులు చెప్పును. ఆ సగమెందులకని యడిగిన మౌనము వహించును. దోషము బాలునిది కాదు, నావంటి యుపాధ్యాయులది. ఒకప్పుడొక బాలిక "9 ఎక్కడినుండి తెచ్చితిరండీ?" అని యడుగగా, "సూత్రమట్లున్నది" అని కూర్చుండబెట్టితిని. ఆమె మరల నన్నేమియు నడుగలేదు.

వికారాబాదు, తాండూరు ప్రాంతముల పిల్లలకు ఈ 9 మరుగుపడి యుండనక్కరలేదు. తాండూరు నాపరాతి బండలు పరచుట చూడనివారు మనలో నరుదు. ప్రక్క య మూరలుగల చదరపు నేల యున్నదనుకొనుడు. దానికి య మూరల పొడవు, 6 మూరల వెడల్పుగల బండల పట్టీని చేర్పవలెను. అంతయు నొక్క ప్రక్కనే పరచిన నేల చదరము కాదు. తూర్పున 3 మూరలు, దక్షిణమున 3 మూరలుగా పంచి పరచిన, ఆగ్నేయమున నొక మూల బోసిగా మిగులును. ఆ మూలకు 9 చదరపు మూరల బండలు కావలెను. మనయొద్ద నున్నవి 5 మాత్రమే. తక్కిన 4 అప్పు తెచ్చితిమి. కావున లెక్క (య + 3)² − 4 అయినది. వర్గము సున్నకంటె తగ్గదు గనుక, య = −3 అయినప్పుడు కనిష్ఠవిలువ −4. నేలకు ఋణపు కొలత యుండునా యని చురుకైన బాలుడడుగవచ్చును. నిజమే, బండలు దారి చూపును, అటుపిమ్మట బీజగణితమే నడచును.

ఇది క్రొత్త యుపాయము కాదు. 9వ శతాబ్దమున బాగ్దాదునందు అల్ ఖ్వారిజ్మీ యిట్టి చదరములనే గీసి చూపెను. శ్రీధరాచార్యుని వర్గపూర్తి విధానమును 12వ శతాబ్దమున భాస్కరాచార్యుడు తన బీజగణితమున నుదాహరించెను.

దీని ప్రయోజనమేమని తలిదండ్రు లడుగుదురు. గోడ నానుకొని, 40 మూరల దడితో మూడు ప్రక్కల మేకలదొడ్డి కట్టవలెననుకొనుడు. గోడనుండి వెలుపలికి వచ్చు ప్రక్క య మూరలైన, వైశాల్యము 40య − 2య², అనగా 200 − 2(య − 10)². తీసివేయునది సున్న యైనప్పుడే దొడ్డి మిక్కిలి పెద్దది: 10 మూరలు, 20 మూరలు, 200 చదరపు మూరలు. య 8 అయినను, 12 అయినను 192 మాత్రమే దక్కును.

పరీక్షలు ముంచుకొని వచ్చుచుండ నింత తీరిక యెక్కడిదని సహోపాధ్యాయు లందురు. సూత్రము వలదని నేననను. పిల్లవాడు బోసిమూలను కన్నులార చూచిన పిమ్మట నిండు. రెండు పీరియడ్లు చాలును. తాండూరు తలిదండ్రులు విరిగిన బండముక్కలు కొన్ని పంపినయెడల వరండాలోనే పరచి చూపెదను. కొలతలు సరిగా లేకున్నను చింత లేదు, అరగదీసికొందుము.