అమ్ముడుపోయింది ఓటరేనా?

ఫలితాల మరునాడు షాద్‌నగర్ చౌరస్తాలో ఓడిన పార్టీ కార్యకర్తను కదిపితే వచ్చే మాట ఒకటే: ‘‘జనం పైసలకు అమ్ముడుపోయిండ్రు.’’ గెలిచినోళ్లు మాత్రం ‘‘మన జనం మస్తు హుషారు’’ అంటారు. గెలుపోటములు తారుమారైతే మాటలూ తారుమారు. 2014, 2018లో ఇక్కడ టీఆర్‌ఎస్‌ను గెలిపించిన ఓటర్లే 2023లో కాంగ్రెస్ అభ్యర్థి వీర్లపల్లి శంకర్‌ను గెలిపించారు. వాళ్లకు తెలివి ఏ ఏడాది వచ్చింది, ఏ ఏడాది పోయింది? జవాబు చెప్పేవాడి మెడలోని కండువా రంగును బట్టి ఉంటుంది.

ఎన్నికల్లో డబ్బు పారుతున్నది నిజం. కాదనేవాడు ఏ ఊళ్లోనూ దొరకడు. తేడా వచ్చేది ఆ నిజం నుంచి తీసే తీర్పు దగ్గర. డబ్బు పంచారు, జనం తీసుకున్నారు, కాబట్టి ఓటు అమ్ముడుపోయింది, కాబట్టి ఎదుటి పార్టీకి ఓటేసినవాడికి బుర్ర లేదు. ఈ వరుసలో మొదటి రెండూ చాలాచోట్ల నిజం, చివరి రెండూ నిలవవు.

హుజూరాబాద్ సంగతే చూడండి. 2021 ఉప ఎన్నికకు ముందు దళిత కుటుంబానికి పది లక్షల రూపాయలిచ్చే దళితబంధును అప్పటి టీఆర్‌ఎస్ ప్రభుత్వం అక్కడ పైలట్ ప్రాజెక్టుగా చేపట్టింది. పోలింగ్ ముందు డబ్బు కవర్ల పంపకాలు జోరుగా సాగాయని వార్తలొచ్చాయి. మాకు కవర్ అందలేదని కొన్ని ఊళ్లలో జనం బహిరంగంగానే గొడవకు దిగారు. చివరికి అధికార పార్టీయే ఓడింది. బీజేపీ అభ్యర్థి ఈటల రాజేందర్ 23 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. డబ్బే ఓటును కొనగలిగితే ఈ ఫలితం రాకూడదు.

మరుసటి ఏడాది నవంబరులో మునుగోడు. దేశంలోనే ఖరీదైన ఉప ఎన్నికని పత్రికలు రాశాయి. అక్కడ టీఆర్‌ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్‌రెడ్డి బీజేపీ తరఫున నిలబడ్డ కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డిని 10,309 ఓట్లతో ఓడించారు. పదమూడు నెలలు తిరగకుండానే అదే రాజగోపాల్‌రెడ్డి కాంగ్రెస్ గుర్తు మీద అదే ప్రత్యర్థిని దాదాపు 40 వేల ఓట్లతో చిత్తు చేశారు. ఉప ఎన్నికలో ఓటరు ఎవరికో అమ్ముడుపోయి ఉంటే, ఆ బేరం పదమూడు నెలలు కూడా నిలవలేదన్నమాట.

ఓటు రహస్యం. తీసుకున్నవాడు ఎటు నొక్కాడో ఇచ్చినవాడికి తెలియదు. మరి ఎందుకిస్తారు? ముంబై ఎన్నికల్లో పంపకాలను పరిశీలించిన పరిశోధకుడు సైమన్ షౌషార్ చెప్పింది మన చౌరస్తా మేస్త్రీలకు ఎప్పుడో తెలుసు: ఎదుటివాడు ఇస్తున్నాడు కాబట్టి ఇస్తారు. ఇస్తే గెలుస్తామన్న నమ్మకం లేదు, ఇవ్వకపోతే పోటీలోనే ఉండమన్న భయం ఉంది. రెండువైపులా తీసుకొని నచ్చినవాడికి వేసే ఓటరును తెలివితక్కువవాడు అనడం కష్టం. అతణ్ని మంచివాడు అనలేకపోవచ్చు, అది వేరే చర్చ. తీసుకోవడమూ చట్టం ప్రకారం నేరమే. పైగా ఆ తర్వాత రోడ్డు గురించి అడగబోతే ‘‘ఓటుకు పైసలిచ్చిన కదా, ఇంకేమడుగుతవ్’’ అన్న మాట పడాల్సి వస్తుంది. నష్టమైతే ఉంది, కానీ బుద్ధి లేకపోలేదు.

డబ్బు నిజంగా కొనేది ఓటును కాదు, పోటీ చేసే అవకాశాన్ని. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితి 40 లక్షలు. అంతలో ఎన్నిక పూర్తి చేశామని తమ అనుచరుల ముందు చెప్పగల నాయకులు ఎందరున్నారు? బెంగళూరు హైవే పొడవునా ఎకరం ధర పెరిగేకొద్దీ టికెట్ అడిగేవారిలో వెంచర్లు వేసినవారు ఎక్కువవుతున్నారు, బడిపంతుళ్లు, రైతు సంఘాల మనుషులు తగ్గిపోతున్నారు. 1952లో ఇదే షాద్‌నగర్ నుంచి గెలిచి హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బూర్గుల రామకృష్ణారావు బహుభాషా పండితుడు. అలాంటి మనిషి ఇవాళ వస్తే జనం ఓడిస్తారో లేదో తర్వాతి మాట, ఏ పార్టీ అయినా ముందు టికెట్ ఇస్తుందా?

డబ్బు లేని జనం తమ తెలివిని ఎలా వాడారో నల్లగొండ చూపించింది. 1996 లోక్‌సభ ఎన్నికలో ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన పల్లెల బాధను దేశం ముందు పెట్టడానికి జలసాధన సమితి వందల మందితో నామినేషన్లు వేయించింది. బరిలో నిలిచినవారు 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు. పెద్దగా ఖర్చు లేకుండా, రాయి విసరకుండా యావత్ దేశాన్నీ తమవైపు తిప్పుకున్న ఎత్తుగడ అది. అలా తిప్పుకున్న పల్లెల్లో నేటి మునుగోడు నియోజకవర్గంలోని మర్రిగూడ ప్రాంతమూ ఉంది. ఆ ఎత్తుగడకు బదులుగా వ్యవస్థ ఏం చేసింది? అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్‌ను పది వేలకు పెంచింది, ఆ తర్వాత పాతిక వేలకు. నీళ్ల కన్నా ముందు రుసుము వచ్చింది. పేదవాడు ఎన్నికను తెలివిగా వాడుకుంటే గేటు ఎత్తు పెంచుతాం. వెయ్యి రూపాయలు తీసుకుంటే బుద్ధిహీనుడంటాం.

తెలివికి మనం వాడే తూనికరాళ్లు కూడా ఒకటి కావు. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ఒక్కసారిగా టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. దానికి వాడిన మాట ‘చాణక్యం’. ఎమ్మెల్సీ ఎన్నికలో ఒక్క ఓటు కోసం 50 లక్షలు ఇవ్వజూపారన్న 2015 కేసు, నలుగురు ఎమ్మెల్యేలను లాగబోయారన్న 2022 నాటి మొయినాబాద్ ఫామ్‌హౌస్ కేసు పత్రికల నిండా నడిచాయి. ఆరోపణలు ఏమయ్యాయన్నది పక్కన పెడితే, ఆ చర్చల్లో ఎమ్మెల్యేలకు తెలివి లేదని అన్నవారు లేరు. కవర్ చిన్నదైతే ‘అమాయక ఓటరు’, పెద్దదైతే ‘వ్యూహకర్త’.

‘‘అందరూ దొంగలే’’ అనే నిరాశకు లాభపడేది ఎక్కువ డబ్బున్నవాడే. అందరూ ఒకటే అయితే ఎంచడానికి ఇక మిగిలేది కవర్ బరువు ఒక్కటే కదా. 2023 ఎన్నికల్లో మునుగోడులో పోలింగ్ 90 శాతం దాటింది. హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా బూత్‌కు రాలేదు. ఓటు వేయని నగరం, ఓటు వేసిన పల్లెను చైతన్యం లేనిదని ఎగతాళి చేయడం ఏ రకం తెలివో నాకు అంతుపట్టదు.

కాబట్టి మీ పార్టీ ఓడినప్పుడు ఓటరు బుద్ధిని తూచడం ఆపి, టికెట్ ఎవరికి, ఎంతకు ఇచ్చారని మీ పార్టీనే అడగండి. పార్టీలకు గుప్త విరాళాలు చేర్చిన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసింది. కానీ అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు ఇప్పటికీ లేదు. ఆ పరిమితి కావాలని ఏ పార్టీ కార్యకర్త అయినా తన నాయకుణ్ని నిలదీసిన రోజున, ఓటరు తెలివి గురించి మాట్లాడే అర్హత అతనికి ఉంటుంది.