పిల్లలను కాచే చేపకు గాలం వేయవద్దు



తొలకరి వానలు పడగానే మన ఊళ్లలో చెరువు గట్ల మీద గాలపు కర్రలు కనబడతాయి. ఇక మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాదు మార్కెట్లలో చేపల ధరలు వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజు చేప తినడం తెలంగాణలో పాత ఆచారం. అందరి కన్ను కొర్రమీను మీదే. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. అయితే సరిగ్గా ఆ వానల రోజుల్లోనే కొర్రమీను గుడ్లు పెట్టి పిల్లలను కాచుకుంటుంది. ఈ నెల ఆ సంగతే మీతో చెప్పదలచాము.

మేము షేక్‌పేటలో పెరిగాము. మా చిన్నతనంలో ఫిలింనగర్, జూబ్లీహిల్స్ వైపు ఇన్ని మేడలు లేవు. ఎటు చూసినా బండరాళ్ల గుట్టలే. ఆ గుట్టల నడుమ దుర్గం చెరువు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువు అది. ఇంకా దూరం పోతే గండిపేట. 1908లో మూసీకి వచ్చిన పెద్ద వరద తరువాత కట్టి, 1920లో పూర్తిచేసిన జలాశయం. సెలవు దొరికితే మా నాన్నగారు మమ్మల్ని వెంటబెట్టుకుని ఏదో ఒక చెరువు గట్టుకు బయలుదేరేవారు. ఒక వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు, డబ్బాలో వానపాములు. అంతే మా సామాను.

మాకు పదేళ్లప్పుడు, ఒక జూలై సాయంకాలం, తుంగ పక్కన నీటి మీద ఎర్రటి నలకల గుంపు కనబడింది. జల్లెడంత మేర వందల కొద్దీ చేపపిల్లలు! పైకి వచ్చి గాలి పీల్చుకుని మళ్లీ మునుగుతున్నాయి. మేము చిన్న కప్పను గాలానికి గుచ్చి ఆ గుంపు మధ్యలోకి విసిరాము. వేసీ వేయగానే నీరు భళ్లుమన్నది. కర్ర వంగింది. కిలోకు పైగా తూగే కొర్రమీను గట్టు మీద పడింది. మా సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

పక్కనే వల ఆరేసుకుంటున్న పెద్దాయన ఒకరు మా వైపు చూసి అన్నాడు: "అది ఆకలికి కరవలేదు బిడ్డా. పిల్లల మీదికి ఏదో వచ్చిందని కరిచింది. పిల్లలున్న కొర్రమట్టను మేం పట్టం."

ఆ రాత్రి పులుసు తిన్నాము. మరునాడు మళ్లీ అక్కడికే వెళ్లాము. ఎర్రటి గుంపు లేదు. చిన్న చిన్న చేపలు ఆ చోట ఇటూ అటూ తిరుగుతున్నాయి. నాన్నగారు కాసేపు నిలబడి చూసి, గాలం విప్పకుండానే ఇంటిదారి పట్టారు. దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

కొర్రమీను గట్టి ప్రాణం గల చేప. పైకి వచ్చి గాలి పీల్చగలదు గనుక చెరువు ఎండినా బురదలో బతికి ఉంటుంది. కాని దాని పిల్లలకు ఆ బలం లేదు. వానలు రాగానే లోతు తక్కువ నీటిలో, గడ్డి మధ్య గుండ్రంగా చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటి మీద తేలతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. ఆ తరువాత కొన్ని వారాలపాటు తల్లిదండ్రులు, ముఖ్యంగా మగచేప, కిందనే ఉండి కాపలా కాస్తాయి. కాపరి పోతే ఆ పిల్లలు ఇతర చేపలకు మేత.

అమెరికా, కెనడా నదులలో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప ఉన్నది. గాలానికి ఈకలు, దారాలు చుట్టి పురుగులా తయారుచేసి దాన్ని పట్టడం అక్కడివారికి గొప్ప సరదా. దానిని ఫ్లై ఫిషింగ్ అంటారు. ఆ జాతిలోనూ తండ్రి చేపే కంకరలో గుంట చేసి గుడ్లను కాస్తుంది. ఆ తండ్రిని లాగేస్తే కొద్ది నిమిషాల్లోనే గుడ్లు దోపిడీ అవుతాయి. అందుకే అక్కడ కొన్ని రాష్ట్రాలలో ఆ కాలమంతా వేట ఆపుతారు. మరికొన్ని చోట్ల పట్టిన చేపను వెంటనే నీటిలో వదలాలి.

మనకు ఈ మాట కొత్తదా? ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షి గూటిని గురించి చిన్న ఆజ్ఞ ఒకటున్నది. పిల్లల మీద గాని గుడ్ల మీద గాని ఉన్న తల్లిని పట్టకూడదు. ఆ వల ఆరేసుకున్న పెద్దాయన మాటకూ దీనికీ ఎంత దూరం?

గాలం వేయడం తప్పని మేము అనము. పేదింట కూర అయ్యే చేప అది. అయితే ఎర్రటి గుంపు కనబడితే గాలం మరోచోట వేయండి. పొరపాటున కాపరి చేప పడితే, తడి చేతులతో పట్టుకుని, ముల్లు మెల్లగా తీసి, ఆ గుంపు ఉన్నచోటనే వదలండి. బకెట్లో ఉంచి ఇంకోచోట వదిలితే లాభం లేదు. మృగశిరకు చెరువుల్లో పెంచిన రవ్వ, బొచ్చె తెచ్చుకున్నా పులుసు రుచిగానే ఉంటుంది. ఒక్క చేపను వదిలితే వచ్చే ఏళ్లలో చెరువు మీద బతికే కుటుంబాలకు అనేక చేపలు.

ఈ వానాకాలం మీ పిల్లలను గట్టు మీదికి తీసుకువెళ్లి ఆ ఎర్రటి గుంపును చూపించండి. దాని కింద కంటికి కనబడకుండా ఒక తండ్రి ఉన్నాడని చెప్పండి. మా నాన్నగారు ఆ రోజు దారిలో మాకు చెప్పలేకపోయిన మాట అదేనని ఇప్పుడు మాకు తోస్తున్నది.